ఒంటరి సముద్రం ఎలా తయారైంది? జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో ఏకాంతం వెనుక కథ

సంక్షిప్తంగా: జపాన్ వుడ్‌కట్ సముద్ర చిత్రాల్లో కనిపించే నిర్జనత జాతి స్వభావం నుంచి పుట్టిందనే మాట తరచూ వినిపిస్తుంది. చిత్రాలను, అవి తయారైన తీరును కలిపి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఆ ఏకాంతానికి ఐరోపా నుంచి వచ్చిన ఒక రంగు, అచ్చు తీసేవాళ్ల చేతి పనితనం, ప్రచురణకర్తల మార్కెట్ లెక్క, చిత్రకారుడు కావాలని వదిలేసిన వివరాలు అన్నీ కారణాలే.

2024 జూలై 3న జపాన్‌లో చలామణిలోకి వచ్చిన కొత్త 1000 యెన్ల నోటు వెనుక వైపు ఒక పెద్ద అల ఉంది. చిత్రకారుడు హొకుసాయ్ 1830ల తొలినాళ్లలో గీసిన ఆ అలను ఎక్కడో ఒకచోట చూడనివాళ్లు ఇవాళ అరుదు. టీ షర్టుల మీదా, ఫోన్ తెరల మీదా, గోడల మీదా అది కనిపిస్తూనే ఉంటుంది. దానితోపాటే ఒక వ్యాఖ్యానమూ తిరుగుతోంది. ప్రకృతి ముందు మనిషి ఒంటరితనానికి ఈ బొమ్మ ప్రతీక అనీ, జపనీయుల మౌనానికీ ధ్యానానికీ ఇది అద్దం అనీ అంటారు.

బొమ్మను దగ్గరగా చూస్తే ఈ మాట నిలవదు. అల కింద మూడు పడవలున్నాయి. ఒక్కో పడవలో ఎనిమిది మంది తెడ్లు పట్టుకుని ముందుకు వంగి ఉన్నారు. మిగిలినవాళ్లను కూడా కలిపితే దాదాపు ముప్ఫై మంది. ఇవి తాజా చేపలను ఎడో నగరపు, అంటే నేటి టోక్యో, మార్కెట్‌కు వేగంగా చేరవేసే పడవలు. ఆలస్యమైతే సరుకు పాడవుతుంది, కాబట్టి సముద్రం ఎలా ఉన్నా వెళ్లక తప్పని జనం వీళ్లు. చిత్రంలో ఉన్నది ఒక వృత్తి, దానిలోని ప్రమాదం, అందరూ కలిసి పెట్టే బలం. అయినా చూసేవాళ్లలో ఎక్కువమంది మనసులో మిగిలేది ఒంటరితనమే. ఎందుకలా జరుగుతోందన్నదే ఇక్కడ ప్రశ్న.

తీరం వదలని సముద్రం

హొకుసాయ్ (1760–1849), మరో ప్రసిద్ధ అచ్చు చిత్రకారుడు హిరోషిగే (1797–1858) పనిచేసిన కాలంలో జపనీయులు దేశం దాటి వెళ్లడం నిషేధం. 1635లో వచ్చిన ఆ ఉత్తర్వు రెండు వందల ఏళ్లకు పైగా అమల్లో ఉంది. సముద్రమంటే తీరం వెంట సాగే రవాణా, చేపల వేట, తీర్థయాత్రల్లో భాగమైన రేవు దాటడం. అందుకే ఆ కాలపు సముద్ర చిత్రాల్లో దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ఒడ్డు ఉంటుంది. ఒక కొండకొమ్మో, ఒక దేవాలయ ద్వారమో, దూరాన ఫుజి పర్వతమో చూపును ఆపుతుంది. తీరం కనుమరుగైన నడిసముద్రం ఆ చిత్రకారుల అనుభవంలో లేదు, కొనుక్కునేవాళ్ల ఊహలోనూ పెద్దగా లేదు.

ఆ కొనుగోలుదారులు నగరవాసులు. రోడ్లు బాగుపడి, తీర్థయాత్రల పేరుతో ప్రయాణాలు పెరిగిన కాలం అది. ఊరు కదలలేనివాళ్లు కూడా ప్రసిద్ధ స్థలాల బొమ్మలు కొనుక్కునేవాళ్లు. అంటే ఈ చిత్రాలు పుట్టింది జనసమ్మర్దం మధ్య, చవక ధరకు అమ్ముడుపోయే అంగడి సరుకుగా. హిరోషిగే 1855లో గీసిన నరుతో సుడిగుండాల చిత్రం దీనికి మంచి ఉదాహరణ. అరవై పైచిలుకు రాష్ట్రాల ప్రసిద్ధ దృశ్యాల వరుసలో అది ఒకటి. షికోకు, అవాజి దీవుల మధ్య ఇరుకు జలసంధిలో, ఒకవైపు పసిఫిక్‌కూ మరోవైపు జపాన్ దీవుల మధ్యనున్న సేతో లోపలి సముద్రానికీ ఆటుపోట్ల వేళలు కలవక నీటిమట్టం తేడా వస్తుంది. ఆ తేడా పూడ్చుకోవడానికి నీరు ఉరకడంతో సుళ్లు తిరుగుతాయి. చిత్రంలో మనిషి జాడ లేదు. నురుగు, రాళ్లు, దూరాన దీవి, అంతే. ఇంత నిర్జన దృశ్యాన్ని ఎదురుగా నిలబడి చూసి గీశాడనుకోవడం సహజం. నిజానికి ఆ వరుసలోని ఎన్నో స్థలాలకు హిరోషిగే వెళ్లలేదు. తనకు ముందు వచ్చిన సచిత్ర గ్రంథాల్లోని బొమ్మలు చూసి తన బల్ల దగ్గర కూర్చుని గీశాడు. అలాగని ఆ చిత్రం విలువ తగ్గదు. ప్రకృతి ముందు ఒంటరిగా నిలబడటం వల్లే ఇలాంటి బొమ్మ వస్తుందన్న నమ్మకం మాత్రం సడలుతుంది.

దూరాన్ని తెచ్చిన నీలం

సముద్రం ఖాళీగా, లోతుగా కనిపించడానికి ఒక రసాయనం చేసిన సాయం చిన్నది కాదు. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో అనుకోకుండా తయారైన ప్రష్యన్ బ్లూ, డచ్ వర్తకుల ద్వారా నాగసాకి రేవుకు చేరింది. మొదట్లో అది చాలా ఖరీదు. 1820ల చివరికి చైనా మీదుగా కూడా దిగుమతి పెరిగి ధర పడిపోయాక, అచ్చు చిత్రాల ప్రచురణకర్తలకు అందుబాటులోకి వచ్చింది.

అంతకుముందు వాళ్ల దగ్గరున్న నీలాలు రెండు. ఒకటి చిన్న నీలి పువ్వు రేకుల రసం. చూడటానికి మృదువుగా ఉన్నా తడి తగిలితే కారిపోతుంది, వెలుతురుకు వెలిసిపోతుంది. రెండోది నీలిమందు. అది నిలుస్తుంది కానీ కాగితం మీద పలచగా, సమంగా పరచడం కష్టం. ప్రష్యన్ బ్లూ ఈ రెండింటి లోటునూ తీర్చింది. చిక్కగా వేస్తే దాదాపు నలుపు, నీళ్లు కలిపితే పాలలాంటి లేత నీలం, మధ్యలో ఎన్ని మెట్లయినా సాధ్యం. ఒకే రంగుతో దగ్గరి నీటినీ దూరపు నీటినీ వేరు చేసి చూపించే వీలు చిక్కింది.

దీని ప్రభావం ఊహించినదానికన్నా లోతైనది. పాత చిత్రాల్లో సముద్రం అంటే అలల గీతల అల్లిక, దాదాపు బట్ట మీద నమూనాలా ఉండేది. కొత్త నీలంతో అది గాలి నిండిన విశాలమైన చోటుగా మారింది. నీటికీ ఆకాశానికీ మధ్య ఉన్న ఖాళీ మొదటిసారి బరువుగా అనిపించసాగింది. ఆ ఖాళీలో ఉన్న మనిషి, అతని చుట్టూ ఎంతమంది ఉన్నా, చిన్నవాడైపోతాడు. పెద్ద అల కూడా భాగమైన ఫుజి దృశ్యాల వరుసను ప్రకటించినప్పుడు ప్రచురణకర్త నిషిమురాయ అవి నీలం అచ్చులని ప్రత్యేకంగా చెప్పుకున్నాడు. రంగే అప్పట్లో వార్త.

అదే వరుసలోని కజికజవ చిత్రం ఈ సంగతిని అలకన్నా స్పష్టంగా చూపిస్తుంది. ఎగసిపడే నీటి మీదికి చొచ్చుకొచ్చిన రాయి కొసన ఒక జాలరి నిలబడి తాళ్లు లాగుతున్నాడు. అతని వెనుక ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. తొలి ప్రతులు దాదాపు పూర్తిగా నీలంలోనే అచ్చయ్యాయి. చూసినవాళ్లలో చాలామంది దీన్ని సముద్రమనే అనుకుంటారు. కజికజవ ఉన్నది సముద్రతీరమే లేని కాయ్ రాష్ట్రంలో, అక్కడి నీరు ఫుజి నది. జాలరి, అతని తాళ్లు, రాయి కలిసి గీసే త్రికోణం పైన పొగమంచులో తేలే ఫుజి ఆకారానికి జవాబులా ఉంటుంది. నదిని సముద్రమంత చేసింది కొలతల ఎంపిక, ఒకే రంగు. వీరిద్దరినీ జగమంత నీటి ముందు నిలబెట్టిందీ అవే.

నలుగురి చేతి పని

ఇక తయారీ సంగతి. ఈ చిత్రాల్లో ఏకాంతం ఎంతగా కనిపిస్తుందో, వాటి తయారీలో అది అంతగా కనిపించదు. చిత్రకారుడు పలచటి కాగితం మీద గీతల బొమ్మ ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, కాగితంతో సహా చెక్కుతాడు. అసలు బొమ్మ అక్కడితో నాశనమవుతుంది. గీతలకు ఒక చెక్క, ఆపై ఒక్కో రంగుకు ఒక్కో చెక్క తయారవుతాయి. అచ్చు తీసేవాడు రంగునూ బియ్యపు పిండి జిగురునూ కుంచెతో చెక్క మీద పరిచి, కోజో అనే చెట్టు నారతో చేసిన తడి కాగితాన్ని పైన వేసి, వెదురు పొర చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్లతో వీపు వైపు నుంచి రుద్దుతాడు. పెడన కలంకారీలో అచ్చును బట్ట మీద అద్దుతారు. ఇక్కడ చెక్క కదలదు, కాగితమే దాని మీదికి వస్తుంది. మూలన చెక్కిన చిన్న గుర్తులకు కాగితం అంచును ఆనిస్తే, పది చెక్కల మీద పెట్టినా రంగులు గీత దాటవు. వీళ్లందరి మీదా పెట్టుబడి పెట్టి, ఏది అమ్ముడుపోతుందో నిర్ణయించేవాడు ప్రచురణకర్త.

నిర్జనత అసలు పుట్టేది అచ్చు తీసేవాడి చేతిలో. ఆకాశం పైఅంచున ముదురు నీలం ఒక పట్టీలా మొదలై కిందికి వచ్చేసరికి కాగితపు తెలుపులో కరిగిపోతుంది చూశారా, దాన్ని చెక్క మీద చెక్కలేరు. బొకాషి అనే ఆ పద్ధతిలో, చెక్కను తడిపి, కుంచెకు ఒక పక్క మాత్రమే రంగు అద్ది, తడి ఉన్న వైపు దాన్ని కరగనిస్తాడు. తర్వాత కాగితం వేసి రుద్దుతాడు. ప్రతి ప్రతికీ ఈ పని మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. అందుకే ఒకే చిత్రం రెండు ప్రతుల్లో ఆకాశం ఒకేలా ఉండదు. ఒకదానిలో తెల్లవారుజాము అనిపించేది ఇంకోదానిలో సాయంత్రం అనిపిస్తుంది. చిత్రకారుడి పేరుతో ప్రపంచం మెచ్చుకునే మౌనంలో పెద్ద వాటా పేరు నమోదు కాని పనివాళ్లది. కళాచరిత్ర పుస్తకాలు ఈ బాకీని ఇంకా సరిగ్గా తీర్చలేదు.

ప్రవాసం నుంచి ఆత్మ దాకా

ఎడో కాలంలో, అంటే హొకుసాయ్, హిరోషిగేల కాలంలో, ఒంటరి మనిషి, సముద్రం కలిసి ఉన్న చిత్రాలు లేవని కాదు. చిత్రకారుడు కునియోషి (1798–1861) 1835 ప్రాంతంలో బౌద్ధ గురువు నిచిరెన్ జీవితం మీద చేసిన వరుసలో ఒక చిత్రం ఉంది. మంచు నిండిన కొండవాలు మీద ఒక సన్యాసి తల వంచుకుని పైకి నడుస్తుంటాడు. కింద ఊరి కప్పులు, పక్కన సముద్రం. స్థలం సాదో దీవి. నిచిరెన్‌ను 1271లో ప్రభుత్వం అక్కడికి ప్రవాసం పంపింది. చక్రవర్తులనూ, కవులనూ, సన్యాసులనూ దూరదీవులకు పంపడం ఆ దేశంలో శతాబ్దాల ఆనవాయితీ. సాదోకు మాజీ చక్రవర్తి జుంతోకు 1221లోనే వెళ్లాడు. కాబట్టి అక్కడ సముద్రం ఒక శిక్ష పరిధిని గీస్తోంది. సన్యాసి ఒంటరితనానికి చారిత్రక కారణం ఉంది, పేరు ఉంది, తేదీ ఉంది. ఈ చిత్రం కొన్ని ప్రతుల్లో సముద్రం చివర దిగంతపు గీత ఉంది, కొన్నింటిలో లేదు. గీత లేని ప్రతిలో నీరూ ఆకాశమూ కలిసిపోయి దీవి లోకం నుంచి తెగిపోయినట్టు ఉంటుంది. ఒక్క గీత ఉనికి ఎంత తేడా తెస్తుందో దీనికన్నా బాగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

కారణం చెప్పని ఒంటరితనం, అంటే ఊరికే సముద్రం ముందు నిలబడ్డ మనిషి, ముఖ్యంగా 20వ శతాబ్దపు సంగతి. యమమోటో కనాయె 1904లో చేసిన జాలరి చిత్రం ఆ మలుపుకు గుర్తు. చిబా ప్రాంతంలోని చోషీ రేవులో చేసిన స్కెచ్ ఆధారంగా వచ్చిన చిన్న బొమ్మ అది, రంగులు రెండే. దాని ప్రత్యేకత బొమ్మ కన్నా పద్ధతిలో ఉంది. పత్రికలకూ పుస్తకాలకూ పాశ్చాత్య తరహా చెక్క అచ్చులు చేసే వృత్తిలో శిక్షణ పొందిన యమమోటో, దీన్ని తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చు తీశాడు. ఆ ఏడాది జూలైలో మ్యోజో అనే సాహిత్య పత్రికలో అది అచ్చయింది. బొమ్మలో ఒంటరి మనిషి, పనిలోనూ ఒంటరి మనిషి. చిత్రం ఒక వ్యక్తి ఆత్మ ప్రకటన కావాలన్న ఆధునిక భావన నుంచి సోసాకు హంగ అనే ఉద్యమం పుట్టింది, ఈ జాలరినే దానికి ఆరంభంగా చెప్పుకుంటారు. జపాన్ ప్రాచీన స్వభావంగా పేరుపడిన ఏకాంతం, వ్యక్తిని కేంద్రంగా చూసే కొత్త ఆలోచనతోపాటు బలపడిందన్నమాట.

ఒకే చెక్కలు, ఆరు వేళలు

ఇవాళ సామాజిక మాధ్యమాల్లో ప్రశాంత జపాన్ సముద్రంగా ఎక్కువగా తిరిగే చిత్రాల్లో యోషిదా హిరోషి (1876–1950) పని ముఖ్యమైనది. తైలవర్ణాల్లో, నీటిరంగుల్లో శిక్షణ పొందిన యోషిదా, 1920లో ప్రచురణకర్త వతనబే షోజబురో దగ్గర చెక్క అచ్చులకు వచ్చాడు. 1923 సెప్టెంబరు 1 నాటి కాంతో భూకంపం, ఆ వెంటనే లేచిన మంటలు వతనబే దుకాణాన్నీ అచ్చు చెక్కలనూ బూడిద చేశాయి. యోషిదా చిత్రాలు అమ్మడానికి అమెరికా వెళ్లి, అక్కడ జపాన్ అచ్చు చిత్రాలకు ఎంత గిరాకీ ఉందో కళ్లారా చూశాడు. 1925లో తిరిగొచ్చి సొంత కార్ఖానా పెట్టాడు. చెక్కేవాళ్లనూ అచ్చు తీసేవాళ్లనూ తానే నియమించుకుని, ప్రచురణకర్త స్థానంలో తానే నిలిచాడు. తన పర్యవేక్షణలో అచ్చయిన ప్రతుల అంచున జిజురి అనే ముద్ర వేసేవాడు.

1926లో వచ్చిన సేతో లోపలి సముద్రపు వరుసలో తెరచాప పడవల చిత్రం ఆరు రూపాల్లో ఉంది: తెల్లవారి, పొద్దెక్కాక, మధ్యాహ్నం దాటాక, పొగమంచులో, సాయంత్రం, రాత్రి. పడవ అదే, తెరచాప మడతలు అవే, నీటిలో నీడ అదే. చెక్కలు మార్చకుండా రంగులు మార్చి అచ్చు తీయడంతో ఒకే దృశ్యం ఆరు మనఃస్థితులుగా మారింది. పొగమంచు రూపంలో వెనుక పడవలు పలచటి నీడలైపోయి, ముందున్నది ఒక్కటే మిగిలినట్టు ఉంటుంది. మనిషిని కదిలించకుండా, పడవను కదిలించకుండా, కేవలం గాలిని చిక్కబరచి ఒంటరితనం తేవచ్చని ఇది నిరూపిస్తుంది. అదే ఏడాది వచ్చిన మెరిసే సముద్రం చిత్రంలో గుండ్రటి ఉలి కాట్లనే నీటి మీది ఎండ తళుకులుగా వాడుకున్నాడు. బ్రిటన్ యువరాణి డయానా తన కార్యాలయంలో దిగిన ఒక ఫొటోలో గోడ మీద ఈ చిత్రమే కనిపిస్తుంది.

యోషిదా ఇదే పద్ధతిని భారత్‌కూ తెచ్చాడు. 1930–31 ప్రయాణం తర్వాత తాజ్‌మహల్‌ను పగలు, ఉదయపు మంచు, రాత్రి రూపాల్లో అచ్చు తీశాడు. ఆ వరుసలోని అజంతా, ఎల్లోరా దృశ్యాలు అప్పటి నిజాం హైదరాబాద్ సంస్థానంలోవి.

ఏం వదిలేశారు, ఎవరు కొన్నారు

1926 నాటి సేతో సముద్రం నిజంగా ఎలా ఉండేది? 700కు పైగా దీవులున్న ఆ నీటి దారిలో స్టీమర్ల రాకపోకలు అప్పటికే దశాబ్దాల పాతవి. ఒసాకా నుంచి బెప్పు వేడినీటి ఊటలకు పర్యాటకుల ఓడలు నడుస్తున్నాయి. అదే ఒడ్డున కురేలో నౌకాదళపు భారీ కర్మాగారం యుద్ధనౌకలు కడుతోంది. చిత్రాల్లో వీటి ఊసే లేదు, పొగగొట్టం లేదు, లంగరేసిన ఉక్కు ఓడ లేదు. తెరచాప పడవలు ఉన్నమాట నిజమే, కాబట్టి చిత్రకారుడు అబద్ధం చెప్పలేదు. ఉన్నవాటిలో కొన్నింటినే ఎంచుకున్నాడు. ఆ ఎంపిక బలం ఎంతంటే, 1934లో జపాన్ తొలి జాతీయ ఉద్యానవనాల్లో ఒకటిగా సేతో ప్రాంతాన్ని ప్రకటించేనాటికి, ఆ సముద్రం గురించి జనం ఊహ కూడా దీవులు, పైన్ చెట్లు, తెరచాపల చుట్టూనే అల్లుకుని ఉంది.

ఎంపిక వెనుక కొనుగోలుదారు ఉన్నాడు. షిన్ హంగ పేరుతో వతనబే నడిపిన కొత్త అచ్చు చిత్రాల వ్యాపారానికి విదేశీయులే పెద్ద ఆసరా. 1930లో, మళ్లీ 1936లో అమెరికాలోని టొలీడో మ్యూజియంలో ఈ చిత్రాల పెద్ద ప్రదర్శనలు జరిగాయి, మొదటిదాని ఏర్పాట్లలో యోషిదా పాత్ర ఉంది. విదేశాలకు వెళ్లే ప్రతుల అంచున అతను పెన్సిల్‌తో ఇంగ్లిష్‌లో శీర్షిక రాసి సంతకం చేసేవాడు. ఫ్యాక్టరీలూ రైళ్లూ ఉన్న జపాన్‌ను కొనుక్కోవాలని షికాగో, బోస్టన్ ఇళ్లవాళ్లు అనుకోలేదు. వాళ్లకు కావాల్సింది తమ నగరాల్లో లేని నిశ్శబ్దం. వేగంగా మారుతున్న టోక్యోలోని కొనుగోలుదారులకు కూడా పోయిన ఊరి జ్ఞాపకం కావాలి. రెండు కోరికలూ ఒకే చిత్రం దగ్గర కలిశాయి. ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఒంటరిగా చెక్కి ఒంటరిగా అచ్చు తీసిన సోసాకు హంగ కళాకారులకు ఆ రోజుల్లో అంత మార్కెట్ దొరకలేదు. పలువురు పనివాళ్లు కలిసి తయారుచేసిన ఏకాంతమే బాగా అమ్ముడుపోయింది.

వెలిసిన రంగుల పాత్ర

ఇంకో కారణం కాలంతో వచ్చింది. పెద్ద అల తొలి ప్రతుల్లో ఆకాశం ఖాళీగా లేదు, ఫుజి వెనుక లేత గులాబీ రంగు మేఘం ఆకారం ఉంది. ఆ గులాబీ రంగు వెలుతురుకు తట్టుకోదు. చాలా ప్రతుల్లో అది దాదాపు కనిపించకుండా పోయింది. ప్రష్యన్ బ్లూ మాత్రం నిలిచింది. వందల, వేల అచ్చులు తీసేకొద్దీ చెక్క అంచులు అరిగి, సన్న గీతలు తెగిపోయి, తర్వాతి ప్రతుల్లో వివరాలు ఇంకా తగ్గాయి. 1831లో ఆ చిత్రం కొన్న ఎడో దుకాణదారుడు చూసిన ఆకాశం కన్నా నేడు మ్యూజియంలో కనిపించే ఆకాశం మరింత ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో కొంత భాగం ఎవరూ ఉద్దేశించనిది.

ఫోన్ తెర ఇందులో మరో పొర కలుపుతోంది. కాగితం నార, బారెన్ రుద్దిన ఒత్తిడి, చెక్క రేఖలు నీటి మీద మిగిల్చిన పారుడు గీతలు తెర మీద కనిపించవు. 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పున్న చిత్రం అరచేతిలోకి కుదించుకుపోయినప్పుడు మొదట మాయమయ్యేది పడవల్లోని మనుషులే. అల, కొండ, నీలం మిగులుతాయి. రంగులు ఇంకా వెలిసిపోకుండా మ్యూజియాలు వెలుతురు తగ్గించి, ఒక్కో ప్రతిని కొద్ది నెలలే ప్రదర్శించి మళ్లీ చీకట్లో భద్రపరుస్తున్నాయి. యోషిదా చిత్రాలు కొనాలనుకునేవాళ్లు అంచున జిజురి ముద్ర ఉందా, సంతకం పెన్సిల్‌తో చేసిందా అచ్చులో వచ్చిందా అని చూసుకోవాలి. అతని మరణం తర్వాత కుటుంబ కార్ఖానా అవే చెక్కలతో తీసిన ప్రతులు కూడా మార్కెట్‌లో ఉన్నాయి.